నలభై ఒకటో చిట్కా

ఉప్పుగూడ స్టేషన్ వెనక సందులోని స్కూల్లో బిందుమాధవి ఆ రోజు కంప్యూటర్ సర్వీసు కుర్రాడు ప్రకాశాన్ని నిలబెట్టి కడిగేసింది. ఆఫీసు గది తుడుస్తున్న రాహేలు తడిగుడ్డ పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయి, మొదటి నుంచి చివరి దాకా చూసింది.

తొంభై తొమ్మిది మార్చి. పదో తరగతి పిల్లల పేర్లు, మార్కులు అన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయి. అది పొద్దున్నే లేవనని మొండికేసింది. ప్రకాశం టై సర్దుకుని, కరస్పాండెంట్ ఆదిశేషయ్య వైపు చూస్తూ తీర్పు చెప్పాడు.

"హార్డ్ డిస్క్ ఖతం సార్. కొత్తది ఎయ్యాలె. లోపలిదంతా పోయినట్టే."

బిందుమాధవి ముందు వెళ్లి ప్లగ్గు పీకేసింది. ఆ తర్వాతే నోరు విప్పింది.

"నిన్న సాయంత్రం మెషిన్ స్లోగా ఉందని వచ్చి ఏం తీశావు?"

"చెత్త తీసిన మేడం. దాంట్ల జాగా లేకుండె."

"ఏ చెత్త? టెంప్ అని ఉన్న చోటదా, సిస్టమ్ అని ఉన్న చోటదా?"

ప్రకాశం చెయ్యి మళ్లీ టై మీదికి పోయింది.

"టెంప్ చెత్తబుట్ట. సిస్టమ్ ఇంటి స్తంభాలు. ఇల్లు ఇరుకైందని స్తంభాలు పీకేశావన్నమాట. ఆ టై ఎవరు కట్టి పంపారు నాయనా, మీ అమ్మేనా?"

కిటికీ దగ్గర మూగిన పిల్లలు కిసుక్కుమన్నారు. ఆమె తన సంచీలోంచి ఒక ఫ్లాపీ తీసింది. కంప్యూటర్ పత్రికలతో ఊరికే వచ్చే సీడీల్లో దొరికిన ప్రోగ్రామ్ అందులో ఉంది. తీసేసిన ఫైలు వెంటనే ఎక్కడికీ పోదని, దాని పేరులో మొదటి అక్షరం మాత్రం చెరిగిపోతుందని, దాని మీద ఇంకేదీ రాయకుండా ఉంటే వెనక్కి తేవచ్చని ఆదిశేషయ్యకు చెప్పింది. మళ్లీ ప్లగ్గు పెట్టి ఆ ఫ్లాపీ మీంచి నడిపితే, తెర మీద తలలు తెగిన ఫైళ్ల పేర్లు వరసగా వచ్చాయి. ఆ ఫైళ్ల అసలు పేర్ల జాబితా ఆమె ఎప్పుడో అచ్చు తీసి పెట్టుకుంది. దాన్ని ప్రకాశం చేతికిచ్చి ఒకటో తరగతి పిల్లాడి చేత చదివించినట్టు పైకి చదివించింది. వాడు ఒక్కో పేరు చదువుతుంటే ఆమె ఒక్కో తల అతికించింది. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి మెషిన్ తనంతట తాను లేచింది. ప్రకాశం మళ్లీ ఆ సందులో కనబడలేదు.

రాహేలు ఆ రోజే అనుకుంది, తన మనవరాలు ప్రీతి అయితే ఇట్లాంటి మనిషే కావాలని.

బిందుమాధవిది గుడివాడ వైపు. తాను టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ మూతపడితే స్కూల్లో కంప్యూటర్ పనికి చేరింది. ఆమెకు కంప్యూటర్ నేర్పినవాళ్లు లేరు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పత్రికలు ఏరుకొచ్చి, వాటిలోని చిట్కాలన్నీ బట్టీ పట్టింది. ఒక్కటీ ఎవరికీ చెప్పేది కాదు. టీచర్లెవరైనా వెనక నిలబడితే కొంగు అడ్డం పెట్టుకుని మీటలు నొక్కేది. అన్నం దగ్గర కూడా అంత దాచుకునే మనిషిని రాహేలు చూడలేదు.

మూడేళ్ల తర్వాత ప్రీతి ఇంటర్ పాసైంది. రాహేలు వెళ్లి అడిగింది, పిల్లకు కాస్త నేర్పమని.

"చీపురు పట్టే చేతులకి మౌస్ ఎందుకు రాహేలూ?" అంది బిందుమాధవి, తల కూడా తిప్పకుండా.

రాహేలు ఆ మాట మింగింది, అరిగించుకోలేదు. నేరుగా ఆదిశేషయ్య గదికి పోయింది.

"సార్, మా పిల్ల తక్కువ జీతానికే చేస్తది. మూన్నెల్లు నేర్పుమని మేడంకి మీరు చెప్పుండ్రి."

ఆదిశేషయ్యకు నేర్పడం సంగతి చెవికెక్కలేదు, తక్కువ అన్నది ఎక్కింది. ఆ సాయంత్రమే బిందుమాధవిని పిలిచి, మూడు నెలలు నేర్పండి, తర్వాత మీకు విశ్రాంతి అని నవ్వుతూ చెప్పాడు. అదంతా ఎవరి పనో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేకపోయింది.

నేర్పింది. రోజూ సబ్బుతో చేతులు కడుక్కుని వస్తేనే కీబోర్డు తాకనిచ్చేది, చెమటకు మీటలు పాడవుతాయట. సుద్దముక్కల చేతులతో వచ్చే టీచర్లను ఒక్కనాడూ కడుక్కోమనలేదు. ప్రీతి తప్పు నొక్కితే వేళ్ల మీద స్కేలు పడేది. ఆ పిల్ల ఏడుస్తూనే పొడుగు నోటుబుక్కులో నెంబర్లు వేసి రాసుకునేది. పూలగుడ్డ కప్పి మెషిన్ నడపకూడదు, వేడెక్కుతుంది. పేరా పేరాకీ సేవ్ చెయ్యాలి. మౌస్ నడవకపోతే అడుగున గోళీ తీసి తుడవాలి. మెషిన్ ఊరికే కూతపెడితే మెమరీ ముక్క తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దాలి. పెద్ద ఫైలు ఫ్లాపీలో పట్టకపోతే ముక్కలు చేసే ఉచిత ప్రోగ్రామ్ ఉంది.

ఇంటి దగ్గర రాహేలు బియ్యం ఏరుతూ అవన్నీ అప్పజెప్పించుకునేది. మూడో నెల ఆఖరి సాయంత్రం ప్రీతి చివరి పేజీ చదివింది.

"నలభై. నెలకోసారి టెంప్ ఖాళీ చెయ్యాలి. నలభై ఒకటి. ఏడాదికోసారి సిస్టమ్ కూడా ఖాళీ చెయ్యాలి."

చేటలో రాహేలు చెయ్యి ఆగింది.

"మళ్ల చదువు."

ప్రీతి మళ్లీ చదివింది. రాహేలు బస్సు బోర్డు కూడా కూడబలుక్కునే మనిషే, కానీ ప్రకాశం నోరు మూతపడ్డ ఆ పొద్దుటి మాటలు ఆమె బుర్రలోంచి ఒక్కటీ పోలేదు. పిల్లకేమీ చెప్పకుండా, తెల్లారి నోటుబుక్కు చంకన పెట్టుకుని చాంద్రాయణగుట్టలో బిందుమాధవి ఉండే గదికి పోయింది.

"గిదేంది మేడం? స్తంభాలు పీకుమని రాయించిన్రు."

బిందుమాధవి పేజీ చూసింది. తడబడలేదు, దాచలేదు.

"నీకు గుర్తుందే. నీ మనవరాలికంటే నువ్వే నయం. నీకే నేర్పాల్సింది."

"పిల్ల బతుకు మేడం గిది. మెషిన్ పోతే సారు ఎల్లగొడ్తడు."

"నన్ను వెళ్లగొట్టేటప్పుడు మెషిన్ పోలేదు రాహేలూ. నిక్షేపంలా నడుస్తోంది."

"గీ కాయితం చింపి పారేస్త."

"పారెయ్. మిగతా నలభై నిజమేనని నీకెవరు చెప్పారు?"

చింపబోయిన చెయ్యి రాహేలు వెనక్కి తీసుకుంది. ఆ నలభైలో ఏది చెత్తో ఏది స్తంభమో ఆమెకు తెలియదు. ప్రీతికీ తెలియదు. ఆ స్కూలు మొత్తానికి తెలిసిన మనిషి ఒక్కతే, ఎదురుగా మంచం మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది.

"ఏం కావాలె మీకు?" అంది రాహేలు. ఆ గొంతు ఆమెకే నచ్చలేదు.

"ఆ రోజు ప్రకాశం చదివిన జాబితా ఈసారి మీ సారు చదవాలి. కిటికీ దగ్గర పిల్లలంతా ఉండాలి. ఆ తర్వాత కుర్చీ నీ మనవరాలే ఉంచుకోనీ, ఏది తప్పో ఏది ఒప్పో ఆ రోజే చెప్పేస్తాను." బిందుమాధవి నోటుబుక్కు మూసి తిరిగి రాహేలు చంకలో పెట్టింది. "పిల్లకి ఏమీ చెప్పకు, నలభై ఒకటో చిట్కా తనే చేస్తుంది. మెషిన్ లేవనన్న పొద్దున తడిగుడ్డ పక్కన పడేసి, చేతులు పొడిగా తుడుచుకుని, ముందు వెళ్లి ప్లగ్గు పీకెయ్. ఎవరెంత అరిచినా ఇంకొకరిని తాకనివ్వకు. తాకితే పోయినవి నేను కూడా వెనక్కి తేలేను. ఆ తర్వాత నన్ను పిలవడానికి సారుని వెంటబెట్టుకుని నువ్వే రా."