నిర్మాల్యం కవరు

అబిడ్స్‌లో మా అపార్ట్‌మెంటులో చదువుకోని వాళ్లు ఒక్కరూ లేరు. చెత్త వేరు చేయడం మాత్రం ఒక్కరికీ చేతకాదు. పొడి బుట్టలో నిన్నటి సాంబారు, తడి బుట్టలో డైపర్లు. మూడో అంతస్తు లాయరుగారు నాంపల్లి కోర్టులో సెక్షన్లన్నీ కంఠతా అప్పజెబుతారు, రెండు బుట్టల రంగులు మాత్రం ఆయనకు గుర్తుండవు. ఇలాంటి వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట.

నేను మునిసిపల్ ఇంజినీరును. ఊరి చివరి డంపింగ్ యార్డు నిండిపోకుండా ఇంకొన్నేళ్లు నడిపించడం నా పని. అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. తడి చెత్త ఎరువుకు పోవాలి, ప్లాస్టిక్ పాతసామాన్ల వాడికి పోవాలి, మిగిలింది మాత్రమే గుట్ట ఎక్కాలి. దాన్ని అణగదొక్కి మట్టి కప్పాలి. అన్నీ కలిసి వస్తే అంతా గుట్ట మీదికే. మీటింగుల్లో నేనిది చెబుతుంటే పై అధికారులు సమోసాలు తిని, ప్లేట్లు కుర్చీల కిందికి తోసేవారు.

అందుకే పట్టుబట్టి ఒక రూలు పెట్టించాను. కలిపిన చెత్త మూడుసార్లు తెస్తే, మునిసిపాలిటీ ఇచ్చిన ఆటోను వెనక్కి తీసుకోవాలి. ఫ్లాట్లవాళ్లను ఏమైనా అంటే ఎమ్మెల్యే ఫోను చేస్తాడు. ఆటోవాళ్లకు ఎవరున్నారు?

ఒకరోజు పొద్దున్నే, నాంపల్లి దాటాక ఆటోల్లోని చెత్తను లారీల్లోకి మార్చే చోట తనిఖీకి నిలబడ్డాను. మా వీధి చెత్త తీసుకెళ్లే ఆమె వచ్చింది. భర్త పోయాక అదే ఆటో నడిపి ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. అప్పటికే రెండుసార్లు పట్టుబడింది. తడి చెత్తలో ఒక నల్ల కవరు కనిపిస్తే సూపర్‌వైజరు కోసి కింద పోశాడు. వాడిన బంతిపూలు, కొబ్బరి చిప్పలు, వాటితోపాటు పగిలిన పటం అద్దం, నూనె సీసా, అగరొత్తుల డబ్బాలు.

"దేవుని కవర్ సార్. ఇప్పితె అంటైతదన్నరు. గందుకే ఇప్పలే," అంది.

ఏ ఇంటివాళ్లన్నారని సూపర్‌వైజరు గద్దించాడు.

నాకు తెలుసు. పసుపు దారం మూడు చుట్లు తిప్పి వేసే ఆ ముడి నాదే. పూజ చేసిన పూలను ఎంగిలి చెత్తలో కలపకూడదని మా ఇంట్లో విడిగా మూటకడతాం. కట్టి, తీసుకెళ్లి ఆ చెత్త ఆటోలోనే వేస్తాం. దాన్ని ముట్టుకోవద్దని మా ఆవిడ ఆమెకు చెప్పినప్పుడు నేను పక్కనే నిలబడి టీ తాగుతున్నాను. నా ఇంజినీరింగంతా దేవుడి గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఆమె ఒక్కసారి నావైపు చూసింది. తర్వాత సూపర్‌వైజరువైపు తిరిగింది.

"యాది లేదు సార్. శానా ఇండ్లు తిరుగుత. ఎవరిదో ఏమో."

సూపర్‌వైజరు ఆటో వెనక్కి తీసుకునే కాగితం నా ముందు పెట్టాడు. ఆ కవరు మా ఇంటిదని ఒక్క మాట అంటే చాలు. చుట్టూ నా స్టాఫు ఉన్నారు. సంతకం పెట్టాను.

ఆమె కిందపడ్డ పూలు ఏరి ఒకవైపు, అద్దం ముక్కలు ఏరి ఇంకోవైపు వేసింది. చేతులు కొంగుకు తుడుచుకుని తాళంచెవి బల్ల మీద పెట్టింది. వెళ్తూ వెళ్తూ, అలవాటు కొద్దీ, నాకు నమస్కారం పెట్టింది.