బ్యాటరీ తాగిన వైరు

మా ఆర్కెస్ట్రాలో గిటారిస్టును నేనే. పెళ్ళి స్టేజీకి కట్టే ప్లాస్టిక్ పూల తోరణానికీ నాకూ తేడా ఒక్కటే. తోరణానికి భోజనం పెట్టక్కర్లేదు.

నా మీద నేనే వేసుకున్న జోకు ఇది, కానీ ఇందులో అబద్ధం లేదు. భద్రాచలం నుంచి ఖమ్మం దాకా మా వైపు పెళ్ళివాళ్ళు టెంటు రంగు అడిగినట్టే "గిటార్ ఉంటదా?" అని అడుగుతారు. వినడానికి కాదు, వీడియోలో పడడానికి. పాటంతా కీబోర్డు మాస్టర్ పెన్‌డ్రైవ్‌లోంచి వస్తుంది. మధ్యలో గిటార్ ముక్క ఉంటే అదీ ఆయన కీబోర్డు మీదే వాయించేస్తాడు. నేను పక్కన నిలబడి తల ఊపుతాను. నా వైరు మిక్సర్ దాకా వెళ్తుంది గానీ, అక్కడ నా శబ్దం పెంచే మీట ఎప్పుడూ కిందికే ఉంటుంది.

ఇదేం పద్ధతి మాస్టరూ అని అడిగితే ఆయనది ఒకటే జవాబు.

"నీ గిటార్ సప్పుడు రేకు మీద ఇసుక పోసినట్టు ఉంటది తమ్మీ. పెడల్ కొనుక్కో, అప్పుడు చూద్దాం."

పెడల్ అంటే కాలి దగ్గర పెట్టుకునే ఇనుప డబ్బీ. గిటార్ వైరు ముందు దాంట్లోకి వెళ్ళి, దాంట్లోంచి మిక్సర్‌కు పోతుంది. ఒక రకం డబ్బీ తొక్కితే తీగ గరగరమని గర్జిస్తుంది. ఇంకో రకం తొక్కితే, కొట్టిన స్వరం గుట్టల మధ్య అరిచిన అరుపులా మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది. మీరు పాటల్లో విని మెచ్చుకున్న గిటార్లలో చాలావాటి అందం ఈ డబ్బీల్లోదే.

ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకు ఇంగ్లీషు నేర్పినవి కూడా ఇవే. వీటి మీద రాసి ఉండే లెవెల్, టోన్, రిపీట్. ఇంకో మాట ఫోన్ వీడియోల్లో నేర్చుకున్నాను, బడ్జెట్. ఒకాయన వెనక గోడ నిండా గిటార్లు, కాళ్ళ కింద తివాచీ, చేతిలో కాఫీ. జేబులో డబ్బు తక్కువున్న కళాకారుల కోసమే అంటూ మొదలుపెట్టి, ఆయన చూపించిన చవక పెడల్ ధరకు మా ఇంటి పైకప్పు రేకులు మార్పించవచ్చు. ఆ కాఫీ కప్పు చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. నిజంగానే చవకగా దొరికే వాటి మీదేమో "కొత్తగా నేర్చుకునేవారికి" అని రాసి ఉంటుంది. నేను గిటార్ పట్టినప్పుడు మా బామ్మర్దికి మీసాలు రాలేదు. ఇప్పుడు వాడి కొడుకు బడికి పోతున్నాడు. అయినా నేనింకా నేర్చుకునేవాడినే. డబ్బు లేనివాడికి చదువు ఎన్నటికీ పూర్తి కాదని ఈ కంపెనీల లెక్క కాబోలు.

మిరప సీజన్‌లో ఖమ్మం మార్కెట్ యార్డులో బస్తాలు మోశాను. కళ్ళు మండాయి, ముక్కు మండింది, కానీ డబ్బీల రేట్లు చూసినప్పుడు మండినంత మండలేదు. చివరికి ఒక పాత సామాన్ల కొట్లో చైనా పెడల్ దొరికింది. రెండు రకాలూ కొనే స్తోమత లేదు. గర్జించేదాన్ని వదిలేసి, తిరిగొచ్చేదాన్ని తెచ్చుకున్నాను.

మా ఆవిడ జాకెట్లు కుడుతుంది. డబ్బీని కాసేపు తిప్పి చూసింది.

"నా మిషన్ తొక్కితే జాకెట్ తయారైతది. ఇది తొక్కితే ఏమైతది?"

"మీ తమ్ముడి నోరు మూతపడతది."

"అంత చిన్న డబ్బీతోనా," అని నవ్వింది. నవ్వుతూనే, అది స్టేజీ మీద జారకుండా చెక్కకు అంటుకునే పట్టీ కుట్టి ఇచ్చింది.

నోరు మూతపడాల్సిన ఆ తమ్ముడు తల్లాడ దగ్గర ఉంటాడు. వాళ్ళ చిన్నాన్న కూతురు పెళ్ళికి మా ఆర్కెస్ట్రానే మాట్లాడారు. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసి, "ఏం బావా, ఈసారన్నా వాయిస్తవా, ఊకె నిలబడి పోతవా?" అన్నాడు. వెనక నుంచి వాళ్ళ ఇంటిల్లిపాది నవ్వూ వినిపించింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా ఆవిడ గుడ్డ కత్తిరిస్తూ తలెత్తలేదు. నన్ను ఎవరేమన్నా నేను దానికి రెండు కలిపి నవ్వేస్తాను. ఆ తలెత్తకపోవడం మాత్రం నవ్వి వదిలేసేది కాదు. వాళ్ళ వాళ్ళందరి ముందూ ఒక్కసారి నా గిటార్ నా చేత్తోనే మోగాలనుకున్నాను.

మాస్టర్‌ను బతిమాలి, ఒక్క పాటలో గిటార్ ముక్క నేనే వాయించేలా ఒప్పించాను. నెల రోజులు ఇంట్లో ఆ ముక్కే వాయించాను. చివర్లో స్వరాలు వడివడిగా కిందికి దిగే చోటు నా వేళ్ళకు పేచీయే, రోజూ ఎక్కడో తప్పు పోయేది. మా ఆవిడ నోట్లో సూది పెట్టుకుని కూడా ఆ ముక్క కూనిరాగం తీసేది.

ఒక్క సంగతి ఇక్కడ చెప్పాలి. మా ఏజెన్సీ ఊళ్ళలో కరెంటు అడవి దాటి వచ్చేసరికే అలసిపోతుంది, ప్రోగ్రాములన్నీ జనరేటర్ మీదే. జనరేటర్‌కు అడాప్టర్ పెడితే డబ్బీ కందిరీగల తుట్టెలా గుయ్యిమంటుంది. అందుకని నాది బ్యాటరీ మీదే నడుస్తుంది. ఆ బ్యాటరీకి ఒక జబ్బు. వాయించినా వాయించకపోయినా, గిటార్ వైరు డబ్బీలో గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది. ఇంకోటి దగ్గర పెట్టుకోవద్దా అంటారేమో. ఈ డబ్బీకి పట్టే చదరపు బ్యాటరీ అడిగితే మా వైపు కొట్లలో గోడ గడియారం సెల్లు చేతిలో పెడతారు.

పెళ్ళి రోజు మధ్యాహ్నం సౌండు సరిచూసుకున్నాం. నా మీట మొదటిసారి పైకి లేచింది. స్వరం టెంటు చివరిదాకా పోయి తిరిగొచ్చింది, వంటవాళ్ళు గరిటెలు ఆపి చూశారు. వెంటనే వైరు పీకేసి, చుట్ట చుట్టి డబ్బీ పక్కన పెట్టాను. వైరు గుచ్చితే బ్యాటరీ అయిపోతుందని, రాత్రి దాకా ముట్టుకోవద్దని మాస్టర్‌కు చెప్పి, పెళ్ళివాళ్ళు బెంచీలు మోయమంటే ఆ పని మీద వెళ్ళాను.

చీకటి పడ్డాక స్టేజీ ఎక్కితే వైరు గుచ్చే ఉంది. కళ్ళు చెదిరే స్టేజీ లైట్లలో డబ్బీ మీది ఎర్ర లైటు చుక్క వెలుగుతుందో లేదో కనిపించలేదు. ఎవరో ఇప్పుడే పెట్టి ఉంటారనుకున్నాను. నా పాట వచ్చింది. ముందు వరసలో మా ఆవిడ, పక్కన బామ్మర్ది. డబ్బీ తొక్కి తీగ మీటాను. ఏమీ లేదు. మళ్ళీ మీటాను. ఉత్త తీగ టిక్కుమంది, అది నాకొక్కడికే వినిపించింది. డబ్బీని తప్పించి వైరు నేరుగా గుచ్చుకుందామని వంగేలోపే గిటార్ ముక్క స్పీకర్ పెట్టెల్లోంచి మోగిపోయింది. మాస్టర్ కీబోర్డు మీద నవ్వుతూ వాయిస్తున్నాడు. జనం నన్ను చూసి చప్పట్లు కొట్టారు. బామ్మర్ది లేచి ఈల వేశాడు. నేను పళ్ళు బిగబట్టి తల ఊపాను.

పాట అవ్వగానే స్టేజీ వెనక మాస్టర్‌ను పట్టుకున్నాను.

"వైరు ఎవరు పెట్టిండ్రు?"

"నేనే పెట్టిన. నువ్వు అటు పోంగనే వీడియో ఆయన స్టేజీ తీస్తనని వచ్చిండు. వైరు లేని గిటార్ ఏంది, చూసినోళ్ళు నవ్వరా?"

"బ్యాటరీ అయిపోతదని చెప్పిన గద మాస్టరూ."

"అయిపోతే ఏమైంది. నేను కొట్టలేదా? సప్పట్లు నీకే కొట్టిండ్రు గద తమ్మీ, ఇంకేం కావాలె?"

బస్తాలు మోసింది నేను, వేళ్ళు అరగదీసుకుంది నేను. ఈయన నా సొంతదాన్ని లాక్కుని, తన ఎంగిలి చప్పట్లు నా చేతిలో పెట్టి, దానం చేసినట్టు నిలబడ్డాడు. ఆయనకు అది తప్పని కూడా తోచలేదు. ఇప్పటికీ తోచలేదు. దానికే నా కోపం ఇంకా చల్లారలేదు.

గిటార్ సంచిలో కుక్కి కిందికి దిగాను. మా ఆవిడ ఎదురొచ్చింది. వాళ్ళ వాళ్ళంతా నన్ను పొగుడుతుంటే విని వచ్చిందని ముఖం చూస్తేనే తెలిసింది. ఆ పొగడ్త నిలవనివ్వాలా, చెప్పెయ్యాలా అని ఒక్క క్షణం ఆగాను. కోపమే గెలిచింది.

"అది నేను వాయించింది కాదు," అన్నాను.

"నాకు తెల్వదా ఏందయ్యా," అంది. "చివర ముక్క తప్పు పోకుండ కిందికి దిగింది. నువ్వైతే దిగుతవా?"