ఎద లేవని మధ్యాహ్నం

మొన్న మా చెల్లెలి మనవరాలు పట్టుబట్టి నన్ను కరీంనగర్‌లో తను చదివే నర్సింగు కాలేజీకి తీసుకుపోయింది. ఊపిరి ఆగినవాళ్లకు ఊపిరి పోయడం ఎట్లాగో పిల్లలకు నేర్పించే రోజట. బల్ల మీద తల, ఛాతీ మాత్రమే ఉన్న రబ్బరు బొమ్మ, దాని పక్కన నేనెన్నడూ చేత్తో పట్టని కొత్తరకం గొట్టం, చివర మామిడి టెంక ఆకారంలో మెత్తటి దిండు. గొంతులోకి తొంగిచూడాల్సిన పనే లేదని, నోరు తెరిచి అంగిలి వెంబడి జార్చితే అదే పోయి గాలిగొట్టం మూతి మీద కూర్చుంటుందని, మొదటిసారి వేసేవాళ్లకు కూడా చాలావరకు కుదురుతుందని వాళ్ల టీచరు చెప్పింది. అమ్మమ్మా, నువ్వూ వెయ్యి అని మనవరాలు నా చేతికి ఇవ్వబోయింది. చేతులు వణుకుతాయే తల్లీ, ముందు చాయ్ తాగనీ అని నవ్వి తప్పించుకుని వరండాలోకి వచ్చి కూర్చున్నాను. చేతులేమీ వణకలేదు. ఆ గొట్టం పట్టుకోబుద్ధి కాలేదు, అంతే.

డెబ్బైల చివర్లో నాకు మొదటి ఉద్యోగం ఆసిఫాబాద్‌లో వచ్చింది. మాది మెట్‌పల్లి, మగ్గాల ఇల్లు. మా వంశంలో డాక్టరు చదువు చదివిన మొదటిదాన్ని నేనే కాబట్టి, బాపు కొత్త ధోవతి కట్టుకుని, రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని, రెండు బస్సులు మారి నన్ను దించివెళ్లాడు. ఆ బస్సు మలుపు తిరగంగనే నేను ఆ పెట్టె మీదే కూర్చుని ఏడ్చాను. పుట్టిన్నాటి నుంచి మగ్గం చప్పుడు మధ్య పెరిగినదాన్ని, ఆ క్వార్టరులోని నిశ్శబ్దానికి చెవులు గింగురుమనేవి. పెద్దడాక్టరు దీర్ఘకాలం సెలవులో ఉన్నాడు. ఏదైనా సందేహం వస్తే ఆదిలాబాద్‌కు ట్రంకు కాల్ బుక్ చేసి పొద్దుగూకేదాకా ఎదురుచూడాలి, మన తరంవాళ్లకు ఆ బాధ నేను చెప్పనక్కర్లేదు. వాగు పొంగి తీగలు తెగితే అదీ లేదు. వచ్చే రోగుల్లో సగంమంది మాట నాకు అర్థమయ్యేది కాదు, గోండి ఒకరు, మరాఠీ కలిపి ఒకరు మాట్లాడేవారు.

అవన్నీ నాకు విప్పిచెప్పేది మా ఆసుపత్రి ఆయమ్మ. యాభై దాటిన ఒంటరి మనిషి, అక్షరం రాదు, కానీ ఆ చుట్టుపక్కల ఊళ్లలో సగం పిల్లలు ఆమె చేతుల్లోనే పడ్డారు. నాకు తోడుగా క్వార్టరులోనే పడుకునేది. సాయంత్రం తలకు నూనె రాసేది, జొన్నరొట్టె చేసి పచ్చికారంతో పెట్టేది, నేను దిగాలుగా ఉంటే ‘గింత చదువు చదివి గట్ల ముఖం పెడ్తరా’ అని ఆటపట్టించేది. నన్ను ‘బిడ్డా’ అని పిలిచేది. ఆసుపత్రిలో రోగుల ముందు కూడా అదే పిలుపు. నాకేమో పాతికేళ్లు, మెడలో కొత్త స్టెతస్కోపు, పెద్ద గొప్ప! అందరి ముందు డాక్టరమ్మా అని పిలువు అని ఒకసారి చెప్పాను. ‘గట్లనే తియ్ బిడ్డా’ అని పకపకా నవ్వింది.

ఆసుపత్రి బీరువాలో గుడ్డ చుట్టిన లారింగోస్కోపు ఒకటి ఉండేది. గొంతులోకి వెలుతురు వేసి చూపించే, వంకర గరిటెలాంటి పరికరం. నాకంటే ముందు దాన్ని ఎవరూ వాడినట్టు లేదు. మన గొంతులో గాలిగొట్టం, అన్నం పోయే గొట్టం ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ఆ వెలుతురులో ముందుదాన్ని పోల్చుకుని రబ్బరు గొట్టం దూర్చాలి. కాలేజీలో నేను వేసింది రెండేసార్లు, రెండుసార్లూ మత్తుడాక్టరు సారు చెయ్యి నా చేతిమీదే ఉంది.

పత్తికి మందు కొట్టే కాలం. ఒక మధ్యాహ్నం ఎడ్లబండి మీద ఓ యువకుణ్ని తెచ్చారు. మూతికి గుడ్డ కట్టుకోకుండా పొద్దుటి నుంచి పురుగుల మందు కొట్టి చేలోనే పడిపోయాడు. నోట నురగ, ఒళ్లంతా మందు వాసన, వెంట వాళ్లమ్మ. విరుగుడు సూది మీద సూది వేస్తూనే ఉన్నాను, అంతలోనే ఊపిరి ఆగింది. లారింగోస్కోపు తెరిచి గొంతులోకి చూశాను. నురగ తప్ప ఏమీ కనబడలేదు. తుడిచాను, మళ్లీ చూశాను, ఏదో రంధ్రం కనబడ్డట్టే అనిపించింది, గొట్టం దూర్చి గాలిసంచి తగిలించి ఒత్తడం మొదలుపెట్టాను. స్టెతస్కోపు పెడితే గుర్రుమని ఏదో చప్పుడు. అదే ఊపిరి అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

అతని కాళ్లు పట్టుకుని నిలబడ్డ ఆయమ్మ మెల్లగా అంది, ‘బిడ్డా, కడుపు లేస్తుంది గని ఎద లేస్తలేదు. జర సూడు.’

నేను చూడలేదు. ‘నువ్వు ఊకో! నీకేం ఎర్క? డాక్టర్ నువ్వా, నేనా?’ అని అందరి ముందూ కసిరాను.

ఆమె ఊకుంది. నేను ఒత్తుతూనే ఉన్నాను. కొంతసేపటికి గుండె కూడా ఆగిపోయింది. గొట్టం బయటికి తీస్తే కొసకు పొద్దున తిన్న జొన్నగటక అంటుకుని వచ్చింది, పొట్ట బిర్రుగా ఉబ్బి ఉంది. నేను గాలి కొట్టింది ఊపిరితిత్తుల్లోకి కాదు. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. ‘మస్తు తండ్లాడినవ్ తల్లీ, మా నసీబే గింతే’ అంది. అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. విషం అంత ఎక్కినాక సరిగ్గా వేసినా బతికేవాడు కాదేమోనని ఎన్నో ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను, నిజమే కావచ్చు కూడా. కానీ ఆయమ్మ చెప్పినప్పుడు తీసి మళ్లీ వేసే వ్యవధి ఉండింది. పంట కోతలప్పుడు ఆ తల్లి గంపెడు మక్కకంకులు పంపింది. ఆయమ్మ కాల్చి ముందు పెడితే ఒక్క గింజ నోట పెట్టలేకపోయాను.

ఆయమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నన్నూ ఒక్క మాట అనలేదు. రోజూ లాగే రొట్టె చేసింది, తలకు నూనె రాసింది. ఏం చెప్పినా ‘గట్లనే డాక్టరమ్మా’ అనేది. క్వార్టరులో, ఇద్దరమే ఉన్నప్పుడు కూడా డాక్టరమ్మే. మళ్లీ ఒకసారి బిడ్డా అనవా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది, ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను! అదే కప్పు కింద ఇంకో ఏడాదిన్నర ఉన్నాం, అంత ఒంటరితనం నేను మళ్లీ ఎక్కడా ఎరగను. బదిలీ అయి బస్సెక్కిన రోజు కిటికీ దగ్గర నిలబడి ‘పైలం డాక్టరమ్మా’ అంది. ఆ తర్వాత ఎన్నో గొట్టాలు వేశాను, ప్రతిసారీ పక్కనున్నవాళ్లను ఎద లేస్తుందో లేదో చూసి చెప్పమని అడిగాను, వార్డు తుడిచే మనిషైనా సరే. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎప్పుడో ఒకసారి ఆసిఫాబాద్ పోయి ఆమె చేతులు పట్టుకోవాలనుకుంటూనే ఉన్నాను, అంతలో పోయిందని కబురొచ్చింది.

చాయ్ చల్లారిపోయింది. లేచి లోపలికి పోయి, ఆ గొట్టం ఇటివ్వమన్నాను. బొమ్మ నోరు తెరిచి జార్చాను. వెతకలేదు, తొంగిచూడలేదు, అదే పోయి కూర్చుంది. గాలిసంచి తగిలించి ఒత్తాను. బొమ్మ ఛాతీ నిండుగా పైకి లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ల అరచేతుల్లో ఫోన్లు, పిలిస్తే పలికే పెద్దడాక్టర్లు, చెయ్యి తప్పినా సర్దుకునే పరికరాలు. మంచికాలమే వచ్చింది, నాకు సంతోషమే. అయినా ఒత్తడం ఆపలేకపోయాను.

‘ఎద లేచింది’ అన్నాను, ఎవరితోనో.

‘అవును అమ్మమ్మా, దీంతో అందరికీ లేస్తది’ అంది మనవరాలు, నా చేతిలోంచి సంచి మెల్లగా తీసుకుంటూ.