నాటిన శెనక్కాయ చెట్లు

ఈ పొద్దు కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే, పోయిన ఎండాకాలం మేం పోయిన శిబిరం వాళ్లు పంపిన ఫోటో కనబడింది. తలకు ఎర్ర రుమాలు చుట్టుకుని, చేతిలో శెనక్కాయ చెట్టు పట్టుకుని, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నవాణ్ణి నేనే. పక్కన ఎనిమిదేళ్ల మనవరాలు. ఈ ఏడు కూడా రమ్మని కింద పిలుపు. కాఫీ పక్కన పెట్టేశాను. నోరంతా చేదైంది.

తాతలూ మనవళ్లూ కలిసి ఆరుబయట పాఠాలు నేర్చుకునే మూడు రోజుల సెలవులవి. బెంగళూరులో ఉండే మా కూతురు ముచ్చటపడి మా ఇద్దరి పేర్లూ రాయించింది. కడప దాటినాక గుట్టల కింద, గుడిసె అని పేరు పెట్టి లోపల ఏసీ బిగించిన గది. గోడలకు మట్టి అలికినట్టు రంగు. దగ్గరికి పోతే ఫినాయిల్ వాసన. పోయీ పోగానే తాతలందరికీ ఎర్ర రుమాళ్లు చుట్టినారు. మంగంపేట గనుల ఆఫీసులో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, పెళ్లినాడు కూడా తలపాగా ఎరగను. చెమటకు రంగు దిగి నుదురంతా ఎర్రబారితే, దెబ్బ ఎట్లా తగిలిందని ఒకాయన పాపం పరామర్శించాడు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? దోవ పొడుగునా ఆ పిల్లకు మా అవ్వ కథే చెప్పాను. కోడుమూరు దగ్గర మా చేను వానకే పండేది. చెట్లు పెరికినాక, తెగి భూమిలోనే నిలిచిన కాయల కోసం అవ్వ గొంతుక్కూర్చుని తొలికతో తవ్వేది. నేల ఇనుములా ఉండేది. మాటలు తక్కువ మనిషి. కాయ దొరికితే వెనక్కి చూడకుండా నా వైపు విసిరేది. రెండో రోజు పిల్లలు శెనక్కాయ చెట్లు పెరుకుతారని శిబిరం వాళ్లిచ్చిన కాగితంలో చదివి, మనవరాలి కంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను.

తీరా పెరికితే చెట్టు వెన్నలోంచి వచ్చినట్టు వచ్చింది. ఆకులు వాడి వేలాడుతున్నాయి. మడికి నీళ్లు పెడుతున్న ముసలామెను మెల్లగా అడిగాను.

"యాడనో పెరికి తెచ్చినారప్పా. తెల్లారతానే మేం నాటినాం. నేను చెప్పినానని అనాకు," అంది.

ఆకులు వాడినాయేమని అడిగితే శిబిరం నడిపే ఆయన దాచలేదు. "గట్టి నేలైతే పిల్లోళ్లకు రాదు సార్, ఏడుస్తారు. ఫోటో బాగుండల్ల గదా," అని కెమెరా వైపు తిప్పాడు. తెలిసి కూడా నేను నవ్వాను. ఈ పొద్దు ఫోన్లోకి వచ్చింది ఆ నవ్వే.

తరువాత పిల్లల చేతులు సబ్బుతో కడిగించి, చెట్లన్నిటినీ కాయలతోనే చెత్తబండిలో వేయించినారు. ముసలామె నాలుగు కాయలు కొంగులో వేసుకోబోతే, వచ్చినోళ్ల ముందర ఇదేం పని అని ఆయన కసిరాడు. పట్టలేని అసహ్యం వేసింది, ఆయన మీదా, నా మీదా. రుమాలు విప్పి నేల మీద పరిచి, బండిలోంచి చెట్లు లాగి కాయలు దూయడం మొదలుపెట్టాను. ఆయన సార్, సార్ అంటూ చుట్టూ తిరిగాడు. మనవరాలు వచ్చి నా పక్కన కూర్చుని తనూ దూసింది. మూట కట్టి ముసలామె చేతికిచ్చి, ఆ మధ్యాహ్నమే బయల్దేరాం.

దోవలో మనవరాలితో, ఆ చెట్ల సంగతి అప్పుడే చెప్పనందుకు ఏమనుకోవద్దన్నాను.

"నాకు పొద్దున్నే తెలుసు తాతా. నాటుతుంటే కిటికీలోంచి చూశాను. నువ్వు సంతోషంగా ఉన్నావని చెప్పలేదు," అంది.

ఎదుటివాళ్ల సంతోషం కోసం అబద్ధాన్ని మింగడం నాకు అలవాటయ్యేసరికి సగం జీవితం అయిపోయింది. ఆ పిల్లకు ఒక్క పూట చాలింది.