మొలతాడున తాళం చెవి

ఆ ఏడాది మామిడి సీజన్లో, నూజివీడులో మా పళ్ళ కొట్టు వెనక మాగబెట్టే గది కట్టించాను. కార్బైడు మానేయాలన్న పట్టుదల నాది. లోపల వేడి పెరగకుండా కూలర్‌నీ ఫ్యాన్‌నీ నడిపేది అరచేతిలో పట్టేంత చిన్న లైనక్స్ కంప్యూటర్. నన్ను నమ్మి చాట్రాయి రైతు ఒకాయన తన బంగినపల్లి కాపంతా అందులో దింపాడు. "కాయ పాడైతే నా ఏడాది పోయినట్టేనండీ" అన్నాడు. "నేనున్నాగా" అన్నాను. మర్నాడే బేరం పని మీద నాగపూర్ రైలెక్కాను.

ఖమ్మం దాటాక మా ఆవిడ ఫోన్ చేసింది. "ఏవండీ, కరెంటు పోయి వచ్చింది. కొట్టు ముందు నిలబడ్డాను, లోపల ఫ్యాన్ చప్పుడే లేదు."

"షట్టర్ తీసి చూడు" అనేశాను.

"తాళం చెవేదీ?"

నడుం తడుముకున్నాను. చచ్చాంరా బాబూ! తాళం చెవి యజమాని మొలతాడుకే ఉండాలని మా నాన్న పెట్టిన పద్ధతి. ఎనభైల్లో ఆయన పక్కన కొట్టులో కూర్చోవడం నేర్చుకున్నప్పటి నుంచి నాకూ అదే అలవాటు. అలా ఆ తాళం చెవి కూడా నాతో నాగపూర్ వస్తోంది.

ఫోన్‌లోంచి ఆ కంప్యూటర్‌లోకి వెళ్ళడానికి మూడు దారులు పెట్టుకున్నాను. ఏది మేలో తేల్చుకోలేక మూడూ ఉంచేశాను. ముందు వీఎన్‌సీ అనే యాప్ తెరిచాను. అక్కడి తెరను ఉన్నదున్నట్టు చూపిస్తుందని నాకు అదంటే ముద్దు. ఇప్పుడేమో తెర చూపించలేనని మొండికేసింది. కొట్టు కట్టేసేటప్పుడు దేవుడి దగ్గర బల్బు, మాగబెట్టే గది స్విచ్చులు తప్ప అన్నీ ఆపేస్తాం కదా, కంప్యూటర్‌కి తెరగా తగిలించిన టీవీ కూడా ఆపేశాను. కరెంటు వచ్చి కంప్యూటర్ మళ్ళీ లేచేసరికి దానికి తెరే కనబడలేదు, ఇక నాకేం చూపిస్తుంది? రెండోది ఎక్స్‌ఆర్‌డీపీ. టీవీ లేకపోయినా తనే ఓ కొత్త తెర తయారుచేసుకుంటుంది. కానీ రైల్లో సిగ్నల్ ఒక్క గీత. బొమ్మ పై అంచు వచ్చింది, ఆగింది, తెగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పక్క సీటాయన నా వాలకం చూసి కాస్త జరిగి కూర్చున్నాడు.

మిగిలింది ఎస్‌ఎస్‌హెచ్. బొమ్మలుండవు, నల్ల తెర మీద అక్షరాలే. చూడ్డానికి బాగోదని ఎప్పుడూ పక్కన పెట్టేవాణ్ణి. అక్షరాలకు ఎంత సిగ్నల్ కావాలి? లోపలికి వెళ్ళిపోయింది! కరెంటు పోయినప్పుడు ఆగిపోయిన ఫ్యాన్ ప్రోగ్రాంని మళ్ళీ నడపమని ఒక్క లైను కొట్టాను. రైలు కుదుపులకు ఆ ఒక్క లైనులోనూ తప్పులు పడ్డాయి. దిద్ది మళ్ళీ కొట్టి, మా ఆవిడకు ఫోన్ చేశాను.

"షట్టర్‌కి చెవి పెట్టి విను."

ఫోన్‌లో షట్టర్ గలగలమంది. తర్వాత, "తిరుగుతోందండీ!" అంది.

హమ్మయ్య! కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. టీ అబ్బాయిని పిలిచి పక్క సీటాయనకు కూడా ఇప్పించాను.

నేను తిరిగొచ్చేసరికి కాయంతా రంగు తిరిగి వీధి దాకా వాసన కొడుతోంది. చాట్రాయి రైతు ఓ పండు నా చేతిలో పెట్టి, "వచ్చే ఏడు కూడా మీ గదికేనండీ" అన్నాడు.

ఆ మాటకు పొంగిపోయి, రాత్రి భోజనం దగ్గర నా మూడు దారుల గొప్పా మా ఆవిడకు విప్పి చెప్పాను. ఆవిడ అన్నం వడ్డిస్తూ అంతా వింది.

"ఎక్కడో రైల్లో కూర్చున్న మీకు లోపలికెళ్ళడానికి మూడు దారులా? షట్టర్ ముందు నిలబడ్డ నాకు ఒక్కటీ లేదా?"

ఎడం చేత్తో మొలతాడున ఉన్న తాళం చెవి విప్పి ఆవిడకిచ్చాను.