ట్రే పట్టుకున్న మా అక్క

మా అక్క కామెడీ సీరియల్‌కు నలభై ఏళ్లు నిండాయట. ఆమెను పొగుడుతూ నాలుగు మాటలు చెప్పమని టీవీ వాళ్లు ఫోన్ చేశారు. పొగడటానికి బోలెడంత మంది ఉన్నారు, నేనెందుకన్నాను. "సొంత చెల్లెలు కదమ్మా, మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నాడు ఫోన్ చేసినాయన. తెలిసిందంతా చెబితే మీరు వెయ్యరు బాబూ అని పెట్టేశాను. కానీ కడుపుమంట ఆగలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. చిన్నప్పటి నుంచీ ఎదుటివాళ్లను అచ్చు గుద్దినట్టు దించెయ్యడం ఆమె విద్య. మేడ మీద అద్దెకున్న టైపు మాస్టారి దగ్గు, నాన్న గురక, బడిలో టీచరమ్మ కళ్లజోడు సర్దుకునే తీరు, ఏదీ వదల్లేదు. నేను బల్ల కింద కూర్చుని పడీపడీ నవ్వేదాన్ని. నా నవ్వు అదో రకం. ముందు ముక్కుతో ఒక కూత, ఆ తర్వాత ఆగకుండా గొలుసుకట్టు. అది విన్నవాళ్లు కారణం తెలియకపోయినా నవ్వేవారు. నా కొంప ముంచింది ఆ కూతే.

నాటకాల్లో పదేళ్లపాటు అక్కకు దక్కింది "అమ్మగారూ, ఎవరో వచ్చారు" లాంటి మాటలే. ముప్పై నాలుగో ఏట ఈ సీరియల్లో పక్కింటి పిన్ని వేషం వచ్చింది. వారానికోసారి ట్రేలో నీళ్ల గ్లాసులు పట్టుకుని రావాలి, ఒక మాట విసరాలి, వెళ్లిపోవాలి. రెండు వారాలు స్టూడియోలో కూర్చున్న జనంలో ఎవరూ నవ్వలేదు. మూడో వారం కూడా ఇలాగే ఉంటే పిన్నిని ఊరు దాటించేస్తానని నిర్మాత అందరి ముందూ అన్నాడు.

మూడో వారం అక్క ట్రే పట్టుకుని వచ్చింది. చేతులు వణుకుతున్నాయి, గ్లాసులు గలగలమంటున్నాయి, నీళ్లు ఒలుకుతున్నాయి. మధ్యలో ఆగి, అంచుకు జారుతున్న గ్లాసును గడ్డంతో లోపలికి నెట్టి, "కదలకుండా ఉండవే" అని దాన్ని కసిరింది. హాలు దద్దరిల్లిపోయింది.

అది మా అమ్మ. నలభై దాటినప్పటి నుంచీ అమ్మకు చేతులు వణుకుతాయి. ఆ గడ్డం అమ్మదే, ఆ మాటా అమ్మదే.

అందరికంటే ముందు నవ్వింది నేను. అదే నా ఉద్యోగం మరి. ఆ స్టూడియోలో దారిన పోయేవాళ్లను తెచ్చి వంద కుర్చీల్లో కూర్చోబెట్టేవారు. కొత్తవాళ్లు నవ్వడానికి మొహమాటపడతారు, ఎవరైనా మొదలుపెడితే గానీ నోరు తెరవరు. అందుకని వాళ్ల మధ్య జీతానికి నలుగురం ఉండేవాళ్లం. మూడో వరస చివరి కుర్చీ నాది. నేను అంటిస్తే మిగతా ముగ్గురూ అందుకోవాలి. నన్ను అక్కడ అగ్గిపుల్ల అనేవారు. ఆ వారమే నాకు ఆ పని ఇప్పించింది అక్కే.

మొదట్లో అమ్మ కూడా టీవీ ముందు కూర్చుని మురిసిపోయింది. "అచ్చం నాలాగే చేసింది కదే!" అంది. పదో వారానికి ఆమె వీధిలోకి వెళ్తే పిల్లలు చేతులు వణికిస్తూ వెనకాల నడిచారు. ఒకరోజు బాబాయి ఇంటికొచ్చాడు. అమ్మ నీళ్లు తెస్తుంటే చూసి పగలబడి నవ్వాడు. అమ్మ ట్రే బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది. ఆ తర్వాత ఎవరొచ్చినా వంటింటి గడప దాటలేదు.

"దానికి చెప్పవే, ఇంకేదైనా చెయ్యమను. అంత తెలివైంది, ఇంకోటి దొరకదా?" అంది నాతో.

మేకప్ గదిలో అక్కకు చెప్పాను. అద్దంలోంచే చూసింది.

"అది అమ్మ చెయ్యి అని ఎవరికి తెలుసే?"

"బాబాయికి తెలుసు. వీధి వీధంతా తెలుసు."

"ఆ ట్రే తీసేస్తే నేనెవర్ని? మళ్లీ 'అమ్మగారూ, ఎవరో వచ్చారు' అనుకుంటూ తిరగమంటావా? అయినా వారం వారం ముందు నవ్వేది నువ్వేగా. నీకు లేని బాధ నాకెందుకు?"

ఇంటికెళ్లి, ఇక నేను నవ్వనమ్మా అని చెప్పాను. "నువ్వన్నా మాట మీద ఉండు" అంది అమ్మ.

ఆ వారం ట్రే వచ్చింది. నేను పెదవి కొరుక్కుని కూర్చున్నాను. ఆ ముగ్గురూ నా వైపు చూసి ఊరుకున్నారు. వందమంది ఉన్న హాల్లో గ్లాసుల చప్పుడు తప్ప ఏమీ లేదు. అక్క మళ్లీ చేసింది, గడ్డంతో నెట్టింది, కసిరింది. ఊహూఁ. ఆమె మొహం కత్తి వేటుకు నెత్తుటి చుక్క లేనట్టయింది. నిజం చెప్పొద్దూ, నా కడుపు చల్లబడింది. నిర్మాత ఒంటికాలి మీద లేచి, "అగ్గిపుల్లా, బయటికి నడువు" అన్నాడు. నడిచాను.

ఇంటికెళ్లి అమ్మకు జరిగింది చెప్పాను. అమ్మ వంటింట్లోంచి తనే ట్రేలో నాకు నీళ్లు తెచ్చింది. సగం ఒలికాయి. ఇద్దరం నవ్వుకున్నాం.

సీరియల్ వచ్చేది గురువారం. ఆ రోజు టీవీ పెట్టొద్దన్నాను. "పెట్టు, ఎవరూ నవ్వకపోతే ఎలా ఉంటుందో చూస్తాను" అంది. పిన్ని ట్రేతో వచ్చింది. ముక్కుతో ఒక కూత. ఆ తర్వాత గొలుసుకట్టు. హాలంతా ఘొల్లుమంది.

అమ్మ నా వైపు తిరిగింది. "మళ్లీ పిలిస్తే వెళ్లావా?"

పరుగున స్టూడియోకు వెళ్లాను. సౌండ్ చూసే ఆయన నవ్వి, "నువ్వుంటే ఏంటి, లేకపోతే ఏంటి? నీ నవ్వు డబ్బా నిండా ఉంది నా దగ్గర" అన్నాడు. పాత టేపుల్లోంచి కోసి అతికించాడట. ఆ తర్వాత అసలు జనాన్ని పిలవడమే మానేశారు.

అమ్మకు ఎంత చెప్పినా "సర్లే" అనేది. నా మాట నమ్మలేదు, అక్క చెబితే నమ్ముతుంది. అక్క కాళ్లావేళ్లా పడ్డాను. ఒక్కసారి ఇంటికొచ్చి అది టేపని చెప్పమన్నాను.

"నలుగురిలో నా పరువు తీసిందానివి, నీకు నేను సాక్ష్యం చెప్పాలా?" అంది. రాలేదు.

సీరియల్ తొమ్మిదేళ్లు నడిచింది. అయిపోయాక ఆమెకు ఇంకో వేషం ఎవరూ ఇవ్వలేదు. ఎక్కడికెళ్లినా ట్రే అడిగారు, కొత్త దుకాణాలు తెరవడానికి కూడా ట్రేతోనే పిలిచారు. నేను జాలిపడలేదు. సీరియల్ ఇంకా నడుస్తుండగానే అమ్మ పోయింది, అప్పుడు అక్క వచ్చి వెక్కివెక్కి ఏడ్చింది. అది ఎవరి ఏడుపును దించుతోందా అని చూస్తూ నిలబడ్డాను.

అమ్మ పోయే ముందు వారం పక్కింటి టీవీలోంచి ఆ కూత మళ్లీ వినబడింది. నేను లేచి కిటికీ మూశాను. అమ్మ వణుకుతున్న చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"పోనీలేవే. నవ్వొస్తే నువ్వు మాత్రం ఏం చేస్తావు" అంది.

అప్పటికి నేను నవ్వి ఆరేళ్లయింది.