నేను బాగుచేసిన గాంధారం

ఆ రోజుల్లో లోకంలో ఏ వస్తువు పాడైనా అది నాకోసమే పాడైందని నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. బెంగళూరు బెళ్ళందూరులో ఒక గాజుమేడ నాలుగో అంతస్తులో కూర్చుని, ఎక్కడో ఎవరి కంప్యూటరో మొరాయిస్తే ఫోనులో “ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి” అని చెప్పడం నా పని. చిత్రమేమిటంటే సగం మందికి ఆ ఒక్క మాటతోనే బాగైపోయేది. అలా బాగైన ప్రతివాళ్ళూ నాకు దణ్ణం పెట్టినంత పనిచేసి ఫోను పెట్టేస్తుంటే, ఇరవై మూడేళ్ళ కుర్రాడి తలకాయ ఏ పరిమాణానికి చేరుతుందో మీరే ఊహించుకోండి. (హెల్మెట్ అప్పటికే బిగుతైంది.)

మడివాళలో నేనుండే పీజీ హాస్టలుకి రెండు వీధుల అవతల ఒక పిండిమర, దాని పైన మేడ మీద ఒక సంగీతం క్లాసు ఉండేవి. నేర్చుకోవడానికనే చేరాను గానీ, నిజానికి నేను వెళ్ళేది ఆ గదిలో ఊరికే కూర్చోవడానికి. కింద మర తిరుగుతుంటే నేల సన్నగా వణికేది. ఆ వణుకు అరికాళ్ళలోంచి మోకాళ్ళదాకా వచ్చి అక్కడ నిద్రపోయేది. మెట్లమీదుగా పైకి లేచిన పిండి కిటికీ ఎండలో తేలుతూ, దిగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు గాలిలోనే ఆగిపోయేది. మాస్టారు తన డిజిటల్ పియానో శ్రుతిని ఆ మర మోతకు కలిపి పెట్టుకున్నారు. మర తిరిగినంతసేపూ మాకు తంబురా ఉన్నట్టే. కరెంటు పోతే ఒకే క్షణంలో పైన రాగమూ కింద రాగిపిండీ ఆగిపోయేవి. అలాంటి మధ్యాహ్నాల్లో ఆయన వేళ్ళ వంక చూస్తూ నేను ఎక్కడెక్కడికో వెళ్ళిపోయేవాణ్ణి. “యాడికి పోతివప్పా, వచ్చేయి” అని ఆయన పిలిస్తే గానీ మడివాళకు తిరిగొచ్చేవాణ్ణి కాదు.

మాస్టారిది మూడు తరాలుగా బెంగళూరే. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో నలభై ఏళ్ళు వాయించారు. పెద్ద పెద్ద స్పీకర్ల కుర్రాళ్ళు వచ్చాక పిలుపులు తగ్గి, చివరికి మేము ముగ్గురం శిష్యులం మిగిలాం: నేనూ, ఒక పదేళ్ళ పాపా, పాపను దింపడానికి వచ్చి తనూ చేరిపోయిన వాళ్ళ అమ్మమ్మా. (మా ముగ్గురిలో అమ్మమ్మే మెరుగు.) ఆయన వాయింపులో గొప్పతనమంతా మెత్తదనంలో ఉండేది. కీ మీద వేలు వేసినట్టు కాకుండా, నిద్రపోయే బిడ్డ మీద దుప్పటి సర్దినట్టుండేది.

అలాంటి పియానోలో ఒక ఆదివారం గాంధారం అరవడం మొదలుపెట్టింది. మాస్టారు కీలను స్వరాల పేర్లతోనే పిలిచేవారు. సరిగ్గా మధ్యలో ఉండే గాంధారాన్ని ఎంత మెల్లగా తాకినా సరే, బస్టాండులో తప్పిపోయిన మనిషిని కేకేసినట్టు పలికేది. సా, రీ రెండూ తలుపు దగ్గరే చెప్పులు విడిచి లోపలికొచ్చినట్టు వచ్చేవి. వెనకే గాంధారం తలుపు తన్నుకుంటూ వచ్చేది. పాప నవ్వింది. అమ్మమ్మ చెవి సర్దుకుంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఆయన లోపలికెళ్ళాక వాళ్ళావిడ చెప్పింది. (ఆమెను మేమంతా అమ్మగారనే పిలిచేవాళ్ళం.)

రింగురోడ్డు మీద ఒక పెద్ద హోటల్లో సాయంత్రాలు లాబీలో కూర్చుని మెత్తగా వాయించే మనిషి కావాలట. నాలుగు హోటళ్ళు వయసు చూసి వద్దన్నాక, ఈ ఐదో హోటలు మేనేజరు వచ్చే శనివారం ఐదింటికి ఇక్కడికే వచ్చి వింటానన్నాడట. ఇదీ కుదరకపోతే క్లాసు మూసేసి ఆనేకల్‌లో అల్లుడి దగ్గరికి వెళ్ళిపోవడమే. అల్లుడు మంచివాడే, మగ్గాల షెడ్డు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతానన్నాడు. అమ్మగారు చీపురు గోడకు ఆనించి, “ఆయప్ప ఆ కుర్చీలో కూచుంటే ఇంక లేయడప్పా” అంది. ఆమె గొంతు పెద్దగా మారలేదు గానీ, చీపురు అందుకుని ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

రిపేరు మనిషికి ఫోను చేస్తే శనివారం దాటి బుధవారానికి గానీ రానన్నాడు. అప్పుడు నేను, తలకాయ పరిమాణానికి తగ్గట్టుగా, “రిపేరు మనిషెందుకు మాస్టారూ, నేనున్నానుగా” అన్నాను. మాస్టారు నన్ను కాసేపు చూశారు. ఆ చూపును అప్పుడు కృతజ్ఞత అనుకున్నాను.

మొదట, మీరు ఊహించినట్టే, ఆపి మళ్ళీ ఆన్ చేశాను. గాంధారం అరిచింది. కరెంటు తీగ పీకి, పది లెక్కపెట్టి, మళ్ళీ పెట్టాను. అరిచింది. ఇక మా ఆఫీసు పద్ధతి ప్రకారం మూడో మెట్టు, పెట్టెను కంపెనీనుంచి వచ్చిన మొదటి రోజు స్థితికి తీసుకెళ్ళడం. రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకుంటే చాలు. పట్టుకున్నాను. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది. మా ఉద్యోగంలో ప్రశ్నలు చదివే అలవాటు లేదు, అవుననేశాను. పెట్టె ఒకసారి ఆరి వెలిగి, కొత్త పెళ్ళికూతురిలా ఎవరినీ గుర్తుపట్టనట్టు చూసింది. గాంధారం మాత్రం నన్ను గుర్తుపట్టి అరిచింది. పోయినవల్లా మాస్టారు ఆరేళ్ళుగా దాచుకున్న స్వరాల కూర్పులు. పియానోలో పిసరంత వేణువు, వేణువులో పిసరంత గాలి కలిపి ఆయన తయారుచేసుకున్న ఆ మెత్తని శబ్దం, మర శ్రుతితో సహా మాయమైంది. ఆయన చాలాసేపు తెర వంక చూసి, శ్రుతిని మళ్ళీ మరకు కలుపుకుని, “పోనీలే, ఉత్త పియానో కూడా బాగానే ఉంటుందప్పా” అన్నారు. ఉత్త అన్న మాటను ఆయన ఎంత మెత్తగా అన్నారంటే, నాకు ధైర్యం వచ్చింది.

ఆ వారమంతా ఆఫీసులో కూర్చుని ఊళ్ళవాళ్ళ కంప్యూటర్లు బాగుచేస్తూ, లోలోపల పియానో విప్పుతూనే ఉన్నాను. వీడియోలు చూశాను. కీ కింద రబ్బరు ముక్క, దాని కింద పలక మీద రెండు నల్లచుక్కలు ఉంటాయట. కీ నొక్కితే రబ్బరు ముందొక చుక్కను, ఆ తర్వాత రెండోదాన్ని తాకుతుంది. ఆ రెండు తాకిళ్ళ మధ్య ఎంత సమయం పట్టిందో చూసుకుని, మనం ప్రేమగా నొక్కామో కోపంగా నొక్కామో పెట్టె తేల్చుకుంటుంది. మధ్యలో మట్టి చేరితే రెండూ ఒకేసారి తాకి, ప్రతిదీ కోపంలాగే వినబడుతుంది. (ఇలాంటివాళ్ళు మా ఆఫీసులోనూ ఇద్దరున్నారు.) మట్టి అనగానే కింద పిండిమర గుర్తొచ్చింది. నేరస్థుడు దొరికాడు. శనివారం పొద్దున్నే మెట్లెక్కుతూ, మరవాడి వంక పోలీసు చూసినట్టు చూసి మరీ వెళ్ళాను.

పియానోను బోర్లా పడుకోబెట్టి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాను. ఏ స్క్రూ ఎక్కడిదో కలిసిపోకుండా అమ్మగారిని అడిగి ఇడ్లీరేకులు తెచ్చుకుని, గుంటకో రకం పోశాను. రెండు రేకులు నిండాక ఆమె వచ్చి తొంగిచూసి, రాత్రికి ఇడ్లీ వేయాలని మాత్రం చెప్పి వెళ్ళింది. మధ్యాహ్నానికి గాంధారం ఒళ్ళో ఉంది. కింద మర మోగుతోంది, కిటికీలోంచి ఎండ వచ్చి విప్పిన కీల మీద పడుకుంది, మాస్టారు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. నేనొక గొప్ప శస్త్రచికిత్స చేస్తున్నట్టు, ఆ ఎండలో నా చేతులు నాకే అందంగా కనబడ్డాయి. రబ్బరు పట్టీ మెల్లగా లేపాను. కింద పిండి లేదు. పసుపుపచ్చగా, ఎండిన చెరువులా బీటలిచ్చిన గంధం ఉంది. అందులో ఇరుక్కుని ఒక అక్షింత.

అంతకు కొద్దిరోజుల ముందే ఆయుధపూజ జరిగింది. బెంగళూరులో ఆ రోజు బొట్టు పెట్టించుకోని యంత్రం ఉండదు. మాస్టారు పియానోకు పూలదండ వేసి, మూల ఒక బొట్టు పెట్టమని గంధం గిన్నె నా చేతికిచ్చి, ఒక్కటి చాలప్పా అని చెప్పి హారతి కోసం లోపలికెళ్ళారు. ఒక్క బొట్టుతో దేవుడికేం తెలుస్తుందని, నేను నీళ్ళు బాగా కలిపి, మధ్యస్థాయిలో సప్తస్వరాలకూ వరసగా ఏడు బొట్లు పెట్టాను. వాటి మీద అక్షింతలు కూడా చల్లాను. అందరిలోకీ గాంధారం బొట్టే బాగా కుదిరిందని, ఇంకాస్త అద్దిన సంగతి కూడా నాకు స్పష్టంగా గుర్తొచ్చింది.

గోడ వైపు చూశాను. మాస్టారి కళ్ళు మూసే ఉన్నాయి. అక్షింతను జేబులో వేసుకున్నాను. గంధాన్ని మాత్రం ఆయన కళ్ళు తెరిచేలోపు మాయం చేయాలని, స్క్రూడ్రైవర్ అంచుతో గీకాను. తడిబట్టతో తుడవాలని వీడియోలో చెప్పినట్టు గుర్తే. కానీ తప్పు చేసినవాడికి తడిబట్ట వెతికే ఓపిక ఉండదు. గంధం పొరలుపొరలుగా లేచొచ్చింది. దానితోపాటు ఒక నల్లచుక్క కూడా లేచొచ్చింది.

నాలుగున్నరకు అన్నీ బిగించి ఆన్ చేశాను. గాంధారం అరవలేదు. గుసగుస కూడా లేదు. ఎంత గట్టిగా నొక్కినా, ఉత్త ప్లాస్టిక్ చప్పుడు. ఇడ్లీరేకులో ఇంకా మూడు స్క్రూలు మిగిలి ఉన్నాయి, అవి వేరే కథ. మాస్టారు వచ్చి ఒక వేలితో ఆ కీని నాలుగుసార్లు తాకి చూశారు. నాకు ఆనేకల్‌లో ఆ కుర్చీ కనబడింది. ఆయన తీరిగ్గా చొక్కా మార్చుకొచ్చి కూర్చుని, “అరిచేదానికంటే మూగది మేలేలే” అన్నారు.

మేనేజరు సరిగ్గా ఐదింటికి వచ్చాడు. హైదరాబాదునుంచి వచ్చిన ముప్పై ఏళ్ళ మనిషి, మెడలో టై, ముఖంలో నిద్రలేమి. కూర్చునేలోపే ఫోను మూడుసార్లు మోగింది, మూడుసార్లూ మాట్లాడాడు. మాస్టారు వేళ్ళు కీల మీద పెట్టి ఒక క్షణం ఆగారు. ఆయన ఏం వెతుకుతున్నారో నాకు తెలుసు. గాంధారం అడగని రాగం కోసం.

మధ్యమావతి ఎత్తుకున్నారు. కచేరీ అంతా అయిపోయాక మంగళంగా పాడే రాగం అది. దానితో మొదలుపెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. కానీ అందులో గాంధారం పని ఉండదు. ఆ రాగం సాయంత్రపు నీడలా గదిలోకి వచ్చింది. మాస్టారి వేళ్ళు ఆ మూగ కీ దగ్గరకొచ్చి, దాన్ని లేపకుండా దాటి వెళ్ళేవి. కింద మర శ్రుతి పట్టుకుంది. పిండి ఎండలో ఆగింది. నేను చేసిన తప్పు సంగతి మరిచిపోయి ఎక్కడికో వెళ్ళిపోయాను. తిరిగొచ్చి చూసేసరికి మేనేజరు కూడా ఇక్కడ లేడు. ఫోను మోగుతుంటే దాన్ని బోర్లా తిప్పి, చెయ్యి దాని మీదే ఉంచుకుని కూర్చున్నాడు.

అయిపోయాక మేనేజరు ఫోను జేబులో వేసుకున్నాడు. తర్వాత అతను, వెనకాల హమ్మింగ్‌లాగా వస్తున్న సౌండ్ కూడా ఈ పెట్టెలోదేనా అని అడిగాడు.

“అది కింద ఉండాది సార్,” అన్నారు మాస్టారు. “రాగులు ఆడిస్తా ఉండారు.”

అతను తల ఊపి లేచాడు. ఒకటో తారీఖునుంచి వచ్చేయమన్నాడు. మెట్ల దగ్గర ఆగి, “ఇది మాత్రం లాస్ట్‌లో వాయించండి సార్. ఎందుకో గానీ నాకు లేచి ఇంటికెళ్ళిపోవాలనిపించింది. గెస్టులకు డిన్నర్‌కి ముందే అలా అనిపిస్తే కష్టం” అని దిగిపోయాడు. లోపల అమ్మగారు ఇడ్లీరేకులు కడగడం మొదలుపెట్టింది, అవసరమైనదానికంటే కాస్త గట్టిగా.

నేను అక్షింతను జేబులోంచి తీసి మాస్టారి ముందు పెట్టి, అంతా చెప్పేశాను. నేను ఆశించింది తిట్లు. తిడితే కొంచెం నాటకీయంగానైనా ఉండేది.

“నాకు తెలుసునప్పా,” అన్నారాయన. “ఏడు బొట్లు పెట్టినావు. హారతి పళ్ళెంతో వస్తా చూసినాను.”

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

“బాగు చేస్తానని నువ్వు అంత ఆశగా కూచుంటివి. నేనేమని చెప్పేది?” ఆ అక్షింతను నా తలమీద వేసి, ఆయన కాఫీకి లేచారు.

బుధవారం రిపేరు మనిషి వచ్చి పది నిమిషాల్లో పలక ముక్క మార్చేశాడు. లోపల ఇలా గీకిందెవరని అడిగితే మాస్టారు ఎలుక అన్నారు. అతను అరిగిపోయిన స్క్రూ తలలు చూసి, ఆ ఎలుక ఎక్కడ పనిచేస్తుందని నన్ను అడిగాడు.

ఒకటో తారీఖు దాటిన మొదటి శనివారం ఆ హోటలుకు వెళ్ళాను. ఒక్క కాఫీ తీసుకుని, మూడు కాఫీల సేపు కూర్చోవాలని నిర్ణయించుకుని మెత్తటి సోఫాలో దిగిపోయాను. మాస్టారు తన పియానో ముందు నల్లకోటులో ఎవరో జడ్జిగారిలా ఉన్నారు. ఆయన వాయిస్తుంటే లాబీలో పెట్టెలు లాక్కెళ్ళేవాళ్ళ నడక కూడా కొంచెం నెమ్మదించింది. మధ్యలో ఎక్కడో గాంధారం పలికింది. నేను దాన్ని అంత మెత్తగా వినడం అదే మొదలనిపించింది. కళ్ళు మూసుకున్నాను.

వెయిటరు వచ్చి భుజం తట్టాడు. ఇంజినీరు సారు మీరేనా, పియానో సారు చెప్పారు అన్నాడు. దూరంనుంచి మాస్టారు వాయింపు ఆపకుండానే నా వైపు తల ఊపారు. లిఫ్టు పక్కన ఉన్న చిన్న ఫౌంటెన్ పొద్దుటినుంచి పనిచేయడం లేదట, మనిషి రావడానికి ఆలస్యమవుతుందట, ఒకసారి చూస్తారా అని వెయిటరు అడిగాడు.

ఇప్పుడైతే నాకు తెలియదని చెప్పి కాఫీ తాగుతాను. ఆ మాట చెప్పడం నేర్చుకోవడానికి నాకు తర్వాత ఐదేళ్ళు పట్టింది. దానికే ఇప్పుడు ఆఫీసులో నన్ను సీనియర్ అంటున్నారు. ఆ సాయంత్రపు కుర్రాడు మాత్రం కప్పు పక్కన పెట్టి, చొక్కా చేతులు మడుచుకుంటూ లేచాడు.